చేరు నాటికి చేతికి రాని ఇల్లు

వేసవి సెలవులు ముగిసి బడులు తెరచుటకు ముందు దినములలో మైదుకూరు బాటను, నెల్లూరు బాటను బద్వేలు చేరుచున్న సామానుల బండ్లు ఎక్కువగా కానవచ్చును. పూర్వము అవి ఎడ్లబండ్లు. నేడు చిన్న లారీలు, ఆటోలు. తలక్రిందులుగా పెట్టిన మంచము కోళ్లు ఆకాశమును చూచుచుండును. వాని నడుమ బీరువా, బియ్యపు డబ్బా, గ్యాసు పొయ్యి, తులసి మొక్క నాటిన కుండీ. బదిలీపై వచ్చు ఉపాధ్యాయులు, బ్యాంకి ఉద్యోగులు, ఆసుపత్రి నర్సులు కొందరు. పిల్లల చదువు నిమిత్తము పల్లె విడచి పట్టణము చేరు రైతు కుటుంబములు కొన్ని. వీరందరికిని కావలసినది ఒక బాడుగ ఇల్లు. మన ప్రాంతమున అద్దె అనుటకంటె బాడుగ అనుటయే వాడుక గనుక మేమును ఆ మాటనే వాడెదము.

ఇల్లు చూచినారు, మాట అయినది, బయానా ఇచ్చినారు. ఆషాఢము రాకమునుపే చేరవలెనని పంచాంగము చూచి దినము నిర్ణయించుకొన్నారు. పాలు పొంగించుటకు క్రొత్త గిన్నెయు కొన్నారు. తీరా బండి వాకిట నిలిచిన వేళ చూడగా లోపల పాత కాపురమువారు పొయ్యి వెలిగించుకొని యున్నారు. లేదా తలుపునకు తాళము వ్రేలాడుచున్నది. ఇంటి యజమాని వచ్చి, “ఇంగ నాలుగు దినాలు ఓపిక పట్టండి సారూ, వాళ్లు ఖాళీ చేస్తా ఉండారు” అనును. బండివాడు సామాను దింపమనును. పిల్లలు ఎండలో నిలిచియుందురు. అట్టి సమయమున ఆ కుటుంబమునకు గల హక్కులేవి, చేయదగిన పనులేవి అనునదే నేటి మా ప్రసంగ విషయము.

ముందుగా తెలియవలసినది ఒకటి కలదు. ఇల్లు ఖాళీచేయించి మన చేతికి అప్పగించు బాధ్యత ఎవరిది? “పాతవారు కదలకున్న నేనేమి చేయుదును?” అని యజమాని పలుకుట మామూలు. విని మనమును పాతవారిపై కోపము తెచ్చుకొందుము. కాని చట్టము చూపు అటు కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టములో 108వ విభాగము, కౌలుదారు కోరినప్పుడు ఆస్తిని అతని స్వాధీనమునకు తెచ్చుట యజమాని విధి యని స్పష్టముగా చెప్పుచున్నది. వేరు ఒప్పందముగాని, స్థానికమైన వేరు ఆచారముగాని లేనిచోట ఇదియే నియమము. మనము మాట్లాడుకొన్నది యజమానితో. బయానా పుచ్చుకొన్నది యజమాని. జవాబు చెప్పవలసినదియు యజమానియే.

ఈ ప్రశ్న మనకు మాత్రమే వచ్చినది కాదు. 1829లో ఇంగ్లండు న్యాయస్థానము ‘కో’ అను వాదికిని ‘క్లే’ అను ప్రతివాదికిని నడచిన వ్యాజ్యములో, ఇల్లు బాడుగకిచ్చినవాడు కాగితముపై హక్కు నిచ్చిన చాలదు, నిజముగా లోపల ప్రవేశపెట్టవలెనని తీర్పు చెప్పినది. సముద్రమున కావల అమెరికాలో కొన్ని రాష్ట్రముల త్రోవ వేరు. 1930లో వర్జీనియా అత్యున్నత న్యాయస్థానము హానన్, డష్ అనువారి వ్యాజ్యములో, యజమాని హక్కు నిచ్చిన చాలును, మొండికెత్తి కూర్చున్న పాత కౌలుదారును తొలగించుకొను భారము క్రొత్తవానిదే యన్నది. ఆ పద్ధతి మన దేశమున లేకుండుట బద్వేలునకు లారీలో వచ్చిన గుమాస్తా అదృష్టమే యని మా అభిప్రాయము. పరిచయములేని ఊరిలో, పేరైన తెలియని మనిషిపై వ్యాజ్యము వేయుమని చెప్పుట ఇల్లులేనివానికి మేలు చేయు మాట కాదు.

ఇక కాగితము మాట. మన పట్టణములలో బాడుగ యిండ్లు ఎక్కువగా నోటిమాటపైననో, పదునొకండు నెలల అగ్రిమెంటుపైననో నడచును. పదునొకండే ఎందుకనగా, ఏడాదికి మించిన కౌలును రిజిస్టరు చేయవలెనని చట్టము. అంతకు తక్కువైనచో నోటిమాటయు చెల్లును. అయితే స్వాధీనముతో కూడినప్పుడే అది కౌలు అగును. ఈ మెలిక ముఖ్యమైనది. రిజిస్టరు కాని మాట తాళపుచెవి చేతికి రాకమునుపు ఇంకను కౌలు కాలేదు. అది కౌలు ఇచ్చెదనను ఒప్పందము మాత్రమే. అంతమాత్రమున అది వట్టి మాటయని నిరాశ పడనక్కరలేదు. ఒప్పందమును తప్పినవాడు నష్టమును పూరింపవలెనని 1872 నాటి ఒప్పందముల చట్టము చెప్పుచున్నది. ఆ ఒప్పందమునకు సాక్ష్యము మాత్రము కావలెను. బయానాకు రశీదు అడిగిన యజమాని నొచ్చుకొనునేమోయని మొగమోటపడువారు చాలమంది. నేడు చాలవరకు పైకము ఫోను ద్వారానే చేరుచున్నది గనుక, ఆ లెక్క నిలుచును. పైకము పంపునప్పుడే “ఫలానా ఇంటికి బయానా, ఫలానా తేదికి తాళము” అని నాలుగు మాటలు వ్రాసి పంపినచో అదియే అక్కరకు వచ్చును. ఆంధ్రప్రదేశములో 1960 నాటి బాడుగల చట్టమునకు మారుగా 2017లో చేయబడిన క్రొత్త చట్టమును వ్రాతమూలకమగు ఒప్పందమునే కోరుచున్నది.

ఇచ్చట ఒక పాత ముచ్చట. రెండవ ప్రపంచ యుద్ధ కాలమునను ఆ తరువాతను ఇండ్లకు మిక్కిలి కరవు ఏర్పడినది. మద్రాసు రాష్ట్రములో వచ్చిన బాడుగ చట్టములును, వాని ననుసరించి 1960లో ఆంధ్రప్రదేశములో వచ్చిన చట్టమును, ఆ చట్టము వర్తించు పట్టణములలో ఇల్లు ఖాళీ అయినచో ఆ సంగతిని యజమాని అధికారికి తెలుపవలెనని నిర్ణయించినవి. ప్రభుత్వము కోరినచో ఆ యింటిని తన ఉద్యోగులకు కేటాయించుకొనవచ్చును. కావున యజమాని మాట యిచ్చినను, ఇల్లు మరొక యుద్యోగికి పోవుటకు వీలుండెడిది. ఆ నాటి పెద్దలు “ఆర్డరు వచ్చినదా?” అని అడిగినది ఉద్యోగపు ఆర్డరు గూర్చియే కాదు, ఇంటి ఆర్డరు గూర్చియు!

ఆ కాలము పోయినది. నేడు ఇల్లు చేతికి రాకుండుటకు ముఖ్యమైన కారణము పాత కాపురము కదలకపోవుటయే. దానిని కొంచెము నిదానముగా చూతము.

పాతవారు ఎందుకు కదలలేదు? చాలచోట్ల వారు చేరవలసిన ఇల్లును ఖాళీ కాకపోవుటయే కారణము. ప్రొద్దుటూరులో ఒకరు కదలనందున బద్వేలులో ఒకరు కదలరు. బద్వేలులో కదలనందున రాయచోటినుండి వచ్చినవారు వీధిలో నిలుచుందురు. గొలుసులో ఒక కొక్కెము పట్టినచో అన్నియు పట్టును. మరికొన్నిచోట్ల యజమాని వారికి సరియైన నోటీసే ఇచ్చియుండడు. నెలవారీ బాడుగకు పదునైదు దినముల నోటీసు ఉండవలెనని చట్టము. గడువు తీరిన తరువాత కూడ పాతవారివద్ద బాడుగ పుచ్చుకొన్నచో, మరల నెలనెలకు కాపురము సాగనిచ్చినట్లే లెక్క. ఒక చేత పాతవారి బాడుగను, మరొక చేత మన బయానాను పుచ్చుకొన్న యజమాని “వారు కదలుట లేదు” అనుట వినుటకు వింతగా నుండును.

అందుచేత ఎంత కష్టములో నున్నను మనము చేయగూడని పని ఒకటి కలదు. “వాళ్ల సామాను బయట పడవేయుము, మేము దిగెదము” అని యజమానిని తొందర పెట్టరాదు. చట్టప్రకారము గాక బలవంతముగా వెళ్లగొట్టబడినవాడు, ఆరు నెలలలోగా వ్యాజ్యము వేసి తిరిగి స్వాధీనము పొందవచ్చునని 1963 నాటి నిర్దిష్ట పరిహార చట్టము ఆరవ విభాగము చెప్పుచున్నది. అటువంటి యింట దిగినవారికి ఆరు నెలలు కునుకు పట్టునా? అంతేకాక, నేడు వారికి జరిగినది రేపు మనకు జరుగదను నమ్మకమేమి? గదిలో పసిబిడ్డ నిద్రించుచున్న కాపురమును వీధిలో నిలిపి మన పాలు పొంగించుకొనుట శుభకార్యమని మేము అనుకొనము.

మరి మనకు త్రోవలేవి? ఒకటి, వేచియుండుట. యజమాని మంచివాడు, ఇల్లు మనకు నచ్చినది, నాలుగు దినములు నిజముగా నాలుగు దినములే యని తోచినచో ఇదియే మేలు. అయితే ఇందులో నొక సూక్ష్మము కలదు. దీనిని తెలియక నష్టపోవుట సులభము. ఒప్పందములో తేది ప్రధానమై యుండి, తేది దాటిన తరువాత మనము మారు మాటాడక ఇంటిని స్వీకరించినచో, ఆ ఆలస్యమువలన కలిగిన నష్టమును పిదప అడుగుటకు వీలులేదు. స్వీకరించు సమయముననే “ఆలస్యమునకైన వ్యయమును మేము కోరుచున్నాము” అని తెలుపవలెనని ఒప్పందముల చట్టము 55వ విభాగము. కావున తాళము పుచ్చుకొను నాడే ఆ మాట వ్రాసి చేతికిచ్చుట, లేదా ఫోనులో పంపుట చేయవలెను. తగవు పెట్టుకొనవలసిన పనిలేదు. “ఆరు దినముల బాడుగ తగ్గించుకొనుడు, లాడ్జి ఖర్చు మొదటి నెల బాడుగలో చెల్లు వేయుడు” అని మర్యాదగా చెప్పిన చాలును. చాలమంది యజమానులు ఒప్పుకొందురు. ఎందుకనగా మంచి కాపురము దొరకుట వారికిని సులభము కాదు.

రెండవది, విడిచిపెట్టి వేరొక యిల్లు చూచుకొనుట. తేది మనకు ప్రాణమని ముందే చెప్పియుండి ఆ తేదికి ఇల్లు రానిచో ఒప్పందమును రద్దు చేసుకొను హక్కు మనకు కలదు. అట్లు రద్దు చేసుకొన్నవానికి ఇచ్చిన బయానా అంతయు తిరిగి రావలెను. పైగా నష్టమును రావలెను. “మీరే వద్దన్నారు గనుక బయానా మునిగినది” అను మాట ఇక్కడ చెల్లదు. మనము మనసు మార్చుకొని వద్దన్నచో అది వేరు సంగతి. ఇల్లు ఇయ్యలేక యజమాని తప్పినచోట తప్పు మనది కాదు.

మూడవది, న్యాయస్థానమునకు పోయి ఆ యిల్లే ఇప్పించుమని కోరుట. 2018లో చేసిన సవరణ తరువాత ఇట్టి కోరికలకు న్యాయస్థానములు పూర్వముకంటె అనుకూలముగా నుండవలసియున్నది. పెద్ద దుకాణమునకో, అనేక సంవత్సరముల రిజిస్టరు కౌలునకో ఇది తగియుండును. పదునొకండు నెలల కాపురమునకై ఇంత దూరము పోవుట మాత్రము, తీర్పు వచ్చునప్పటికి కౌలు గడువు దాటిపోవు పని.

నష్టమనిన ఏమిటి? ఇందులో ఊహలకు తావు లేదు. ఉదాహరణకు నెల బాడుగ ఆరు వేల రూపాయలనుకొందము. ఇల్లు రాక ఆరు రాత్రులు లాడ్జిలో నుంటిరి; దినమునకు 800 చొప్పున 4,800. సామానును మరొకచోట దింపి మరల ఎక్కించుటకు లారీకి 3,000. వెరసి 7,800. ఆ ఆరు దినములకు ఇంటి బాడుగ మీరు కట్టనక్కరలేదు గనుక ఆ 1,200 మిగిలినది. నికరముగా పోయినది 6,600. ఇది అడుగదగిన సొమ్ము. 800కు తగిన గది దొరకుచుండగా 3,000 గదిలో దిగి ఆ మొత్తమును అడిగినచో రాదు. నష్టమును తగ్గించుకొనుటకు మనకు గల మార్గములను న్యాయస్థానము లెక్కలోనికి తీసికొనును. రశీదులు దాచుకొనుట మరువరాదు. తప్పిపోయిన ముహూర్తమునకు మాత్రము ఏ న్యాయస్థానమును వెల కట్టదు.

దూరపు నష్టముల సంగతి వేరు. 1854లో ఇంగ్లండునందు హాడ్లీ యనువారి పిండిమర ఇరుసు విరిగినది. దానిని చేరవేయువారు ఆలస్యము చేసిరి. మర ఆగి లాభము పోయినది. మర అంతయు ఆ ఇరుసుపైననే నిలిచియున్నదని చేరవేయువారికి ముందు తెలియదు గనుక ఆ లాభమును ఇప్పింపలేమని న్యాయస్థానమన్నది. మన చట్టములోని 73వ విభాగమునందు ఉన్నదియు ఈ నీతియే. కావున ఇల్లు మాట్లాడుకొను నాడే “మా అమ్మగారికి ఆపరేషను అయినది, ఫలానా తేదికి ఆసుపత్రినుండి తెచ్చుకొనవలెను, మేడమెట్లు ఎక్కలేరు, క్రింది యిల్లే కావలెను” అని యజమానికి తెలిపియున్నచో, ఆ యిల్లు రానందున కలిగిన ప్రత్యేకమైన ఖర్చును అడుగుటకు బలము చేకూరును. మనసులో దాచుకొన్న అవసరమును తరువాత చెప్పిన ప్రయోజనము తక్కువ.

పాత కాపురము కారణముగా గాక, యజమాని బుద్ధి మారుటచేతను ఇల్లు పోవచ్చును. ఎక్కువ బాడుగ ఇచ్చెదమని మరొకరు రాగా వారికి తాళమిచ్చుట ఒక విధము. వారు స్వాధీనములోనికి పోయిన తరువాత మనకు ఇల్లు తిరిగి వచ్చుట కష్టము. బయానాయు, నష్టమును యజమానివద్ద రాబట్టుకొనవలసినదే. ఒకే ఇంటిని చూపి ముగ్గురివద్ద బయానా పుచ్చుకొని మాయమైనచో అది ఒప్పందము తప్పుట మాత్రమే కాదు, మోసము. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో 318వ విభాగము క్రింద నేరము. అప్పుడు పోలీసు ఠాణాకు పోవుట సమంజసము. తక్కిన బాడుగ తగవులను ఠాణాకు మోసినచో “సివిలు కోర్టుకు పొండి” అను సమాధానమే రావచ్చును.

ఇంకొకటి చెప్పుటకు మాకు సిగ్గుగా నున్నను చెప్పక తప్పదు. మాట అయినది, బయానా చేరినది. చేరు నాడు ఇంటిపేరును, ఊరును అడిగి, కులము తెలిసికొని, “మా యింట దేవుని గది ఉన్నది, వేరుచోట చూచుకొనుడు” అనువారు లేకపోలేదు. అస్పృశ్యత పేరిట ఒకరిని ఏ ప్రాంతమునందైనను నివాసము చేయకుండ అడ్డుట నేరమని 1955 నాటి చట్టము చెప్పుచున్నది. 1976లో దానికి పౌరహక్కుల పరిరక్షణ చట్టమని పేరు మార్చిరి. ఇది నాలుగు దినములు ఓపిక పట్టి, బయానా వెనుకకు తీసికొని ఊరకుండవలసిన తగవు కాదు. ఎవరెవరి ఎదుట ఆ మాట అన్నారో వారి పేర్లు వ్రాసికొని, ఫిర్యాదు వ్రాతమూలకముగా ఇయ్యవలెను.

యజమాని తప్పేమియు లేక ఇల్లే లేకుండ పోవు సందర్భములును కలవు. 2021 నవంబరు 19న అన్నమయ్య జలాశయపు కట్ట తెగి చెయ్యేరు పొంగినప్పుడు రాజంపేట ప్రాంతమున పులపత్తూరు మొదలగు గ్రామములలో ఇండ్లు కొట్టుకొనిపోయినవి. అట్టి యింటికి బయానా ఇచ్చినవాడు నష్టము అడుగలేడు. జరిగినది యజమాని చేతిలో లేదు. అయినను బయానా మాత్రము తిరిగి ఈయవలసినదే. ఇల్లు నిలిచియుండి, గోడలకు సున్నమైన వేయలేదు, నీళ్ల కొళాయి లేదు, విద్యుత్తు కలుపలేదు అనునప్పుడు సంగతి వేరు. ఇది మానవుని జాగు గనుక పైన చెప్పిన త్రోవలే వర్తించును.

తగవు తీర్చుకొనుటకు మొదట ఇరువురెరిగిన పెద్దమనిషి చాలును. ఆయన మాట నిలువనిచో వకీలు ద్వారా ఒక నోటీసు. అదియు విఫలమైనచో 1987 నాటి న్యాయసేవల చట్టము క్రింద ఏర్పడిన లోక్ అదాలతు కలదు. వ్యాజ్యము వేయకమునుపే అచ్చటికి పోవచ్చును, ఫీజు లేదు, కుదిరిన రాజీ న్యాయస్థానపు డిక్రీతో సమానము. స్త్రీలకు, షెడ్యూల్డు కులములవారికి, తెగలవారికి ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచిత న్యాయ సహాయము లభించును. చివరకు సివిలు దావా. దానికి గడువు మూడు సంవత్సరములు. ఆరేడు వేల రూపాయలకై దావా వేయుట కంటె లోక్ అదాలతు మేలని మా సలహా.

ఇవన్నియు చేయి కాలిన తరువాతి మందులు. ఆ దినమునకు ముందు చేయదగినవి రెండే రెండు. చేరుటకు వారము ముందుగా ఒకమారు వచ్చి, యజమానిని గాక, లోపలనున్నవారిని పలుకరించుడు: “అమ్మా, మీరు ఏ తేదికి వెళ్లుచున్నారు? మీ క్రొత్త యిల్లు సిద్ధమైనదా?” ఆ తల్లి జవాబులో నిజము తెలియును. పిదప బయానాలో ఎక్కువ భాగమును తాళము చేతికి వచ్చు నాటికి నిలుపుకొనుడు. యజమాని ఒప్పుకొనునా యని సందేహింపనక్కరలేదు. ఒక నెల బాడుగ ముందిచ్చి తక్కినది తాళముతో ఇచ్చెదమనుట ఎక్కడనైనను మర్యాదైన మాటయే. 2021లో కేంద్ర మంత్రివర్గము ఆమోదించిన నమూనా చట్టము సైతము నివాసపు ఇండ్లకు రెండు నెలల బాడుగకు మించి అడ్వాన్సు కూడదన్నది. అది రాష్ట్రములకు నమూనా మాత్రమే. బేరమాడుటకు మాత్రము పనికివచ్చును.

రశీదు ఎట్లు వ్రాసికొనవలెనని తెలియనివారి నిమిత్తము ఒక మచ్చు: “ఫలానా వీధిలోని ఫలానా నంబరు ఇంటిని నెలకు ఇంత బాడుగకు ఇచ్చుటకు ఒప్పుకొని, నేడు బయానాగా ఇంత పుచ్చుకొంటిని. ఫలానా తేది ఉదయము పది గంటలకు ఇంటిని ఖాళీగా, నీరు, విద్యుత్తు ఉన్న స్థితిలో తాళముతో అప్పగింతును. ఆ తేది వీరికి ముఖ్యమని నాకు తెలిపిరి. అప్పగింపలేనిచో బయానా మొత్తమును ఏడు దినములలో తిరిగి ఇచ్చి, అప్పగించువరకు లేదా వీరు వేరొక ఇంట చేరువరకు అయిన తగిన బస ఖర్చును, లారీ ఖర్చును భరింతును.” క్రింద తేది, ఇరువురి సంతకములు, వీలైనచో ఒక సాక్షి సంతకము. రెండు ప్రతులు వ్రాసికొని చెరియొకటి ఉంచుకొనవలెను.